తేలికపాటి విమానాల ట్రాఫిక్ గ్రాహకాలకు యాంటెనా: ఎంపిక, అమరిక

వ్యాససంగ్రహం

చుట్టుపక్కల ఎగిరే విమానాల ఉనికిని తెలిపే గ్రాహకాలు గత రెండు దశాబ్దాలలో చిన్న విమానాల్లో, గ్లైడర్లలో విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. గ్రాహకం ఎంత నాణ్యమైనదైనా, దాని యాంటెనా తగినది కాకపోయినా, తగిన చోట లేకపోయినా ఏదో ఒక దిక్కు ఆ పరికరానికి అందకుండా పోతుంది. యాంటెనా పొడవు, ధ్రువణం, లోహపు పీఠం, విమానదేహం కల్పించే నీడ, కేబుల్‌లో కలిగే నష్టం అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. పైలట్ కంటికి అందని దిక్కులు యాంటెనాకు అందేటట్లు చూడడమే అమరికలో ప్రధాన సూత్రం కావాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: యాంటెనా, ధ్రువణం, తరంగదైర్ఘ్యం, ఫ్లార్మ్, ఏ.డి.ఎస్.-బి., గ్రౌండ్ ప్లేన్, రేడియో నీడ.

1. ఉపోద్ఘాతం

పెద్ద ప్రయాణికుల విమానాల్లో ఢీకొనే ప్రమాదాన్ని నివారించే వ్యవస్థ ఉంటుంది. అది ఇతర విమానాల ట్రాన్స్‌పాండర్లను ప్రశ్నించి, వచ్చిన జవాబులను బట్టి పైకి వెళ్లాలో కిందికి దిగాలో పైలట్‌కు సూచిస్తుంది. ఖరీదు, బరువు, విద్యుత్ అవసరం కారణంగా తేలికపాటి విమానాలు సాధారణంగా ఆ వ్యవస్థకు నోచుకోవు. కళ్లతో చూసి తప్పుకోవడమే వాటి ప్రాథమిక రక్షణ.

ఆ రక్షణకు ఉన్న పరిమితి లెక్కలో తెలుస్తుంది. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో రెండు విమానాలు ఎదురెదురుగా వస్తుంటే వాటి మధ్య దూరం సెకనుకు సుమారు 111 మీటర్ల చొప్పున తరుగుతుంది. ఎదుటి విమానాన్ని చూసి, గుర్తించి, నిర్ణయం తీసుకొని, విమానాన్ని మళ్లించడానికి దాదాపు 12.5 సెకన్లు పడుతుందని అమెరికా ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ సలహాపత్రం ఏ.సి. 90-48 లెక్కకడుతుంది. ఆ వ్యవధిలో రెండు విమానాలూ కలిసి దాటే దూరం సుమారు 1,390 మీటర్లు. గ్రాహకం 5 కిలోమీటర్ల దూరం నుంచే సంకేతాన్ని పట్టుకుంటే పైలట్‌కు 45 సెకన్లు దక్కుతాయి. కిలోమీటరున్నర దూరంలో పట్టుకుంటే దక్కేది 13 సెకన్ల పైచిలుకు మాత్రమే. ఒకే గ్రాహకం మొదటి ఫలితాన్ని ఇస్తుందా రెండవ ఫలితాన్ని ఇస్తుందా అన్నది చాలా వరకు యాంటెనా మీద ఆధారపడుతుంది.

2. గ్రాహకాలు వినే సంకేతాలు

ఈ రంగంలో ప్రధానంగా రెండు రకాల సంకేతాలున్నాయి. మొదటిది ఫ్లార్మ్. గ్లైడర్లు ఆకాశంలో ఢీకొనే ప్రమాదాల నేపథ్యంలో 2004లో స్విట్జర్లాండ్‌లో ఇది రూపొందింది. ప్రతి పరికరమూ జి.పి.ఎస్. ద్వారా తన స్థానాన్ని తెలుసుకొని, తాను సాగబోయే మార్గాన్ని అంచనా వేసి, ఆ సమాచారాన్ని సెకనుకొకసారి ప్రసారం చేస్తుంది. ఇతర పరికరాలు ఆ మార్గాన్ని తమ మార్గంతో పోల్చుకొని ప్రమాదం ఉంటేనే హెచ్చరిస్తాయి. యూరోపులో ఇది 868 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తుంది.

రెండవది ఏ.డి.ఎస్.-బి. ఇందులో విమానం తన స్థానాన్ని 1090 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై ప్రకటిస్తుంది. అమెరికాలో తక్కువ ఎత్తుల్లో ఎగిరే విమానాలకు 978 మెగాహెర్ట్జ్ మార్గం కూడా ఉంది.

ఈ రెండింటి మధ్య శక్తిలో పెద్ద అంతరం ఉంది. ట్రాన్స్‌పాండర్ ప్రసారశక్తి పదుల, వందల వాట్లలో ఉంటే ఫ్లార్మ్ ప్రసారశక్తి మిల్లీవాట్లలో ఉంటుంది. అందువల్ల ఏ.డి.ఎస్.-బి. విషయంలో అంతగా బయటపడని యాంటెనా లోపం ఫ్లార్మ్ విషయంలో వెంటనే దూరాన్ని తగ్గిస్తుంది. పైగా ఫ్లార్మ్ అదే యాంటెనాతో మాట్లాడుతుంది, వింటుంది. ఒక దిక్కు నుంచి సంకేతం అందడం లేదంటే ఆ దిక్కుకు తన సంకేతమూ చేరడం లేదనే అర్థం. అప్పుడు నష్టం ఇద్దరిదీ.

3. పొడవు, పీఠం

యాంటెనా పొడవును తరంగదైర్ఘ్యం నిర్ణయిస్తుంది. 868 మెగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం సుమారు 34.5 సెంటీమీటర్లు, అందులో పావు భాగం 8.6 సెంటీమీటర్లు. 1090 మెగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం 27.5 సెంటీమీటర్లు, పావు భాగం 6.9 సెంటీమీటర్లు. తేడా రెండు సెంటీమీటర్ల లోపే. నల్లని తొడుగులో ఉన్న ఈ రెండు యాంటెనాలు చూపుకు ఒకేలా ఉంటాయి. ఒకదాని స్థానంలో మరొకటి బిగించినా పరికరం ఆగిపోదు, కాని అందుకునే దూరం తగ్గుతుంది. లోపం పైకి కనిపించదు కాబట్టే యాంటెనాల మీద పౌనఃపున్యాన్ని రాసి ఉంచుకోవడం అవసరం.

పావు తరంగపు కడ్డీ సగం యాంటెనా మాత్రమే. మిగిలిన సగం పాత్రను దాని కింద ఉండే లోహపు పీఠం నిర్వహిస్తుంది. దీనినే గ్రౌండ్ ప్లేన్ అంటారు. కడ్డీ చుట్టూ అన్నివైపులా కనీసం పావు తరంగం మేర ఇది విస్తరించి ఉండాలి. అల్యూమినియం విమానానికి దేహమే పీఠం. అయితే యాంటెనా అడుగు తాకే చోట రంగును తొలగించి లోహంతో సరైన స్పర్శ కల్పించాలి, తుప్పు పట్టకుండా చూడాలి. కర్ర, ఫైబర్ గ్లాస్ దేహాలకు ఈ సౌకర్యం లేదు. వాటిలో రాగి రేకును లోపలివైపు అతికించి పీఠంగా వాడవచ్చు. లేదా పీఠం అవసరం లేని అర్ధతరంగ డైపోల్‌ను ఎంచుకోవచ్చు.

4. ధ్రువణం, లాభం

తరంగంలో విద్యుత్ క్షేత్రం ఏ దిశలో కంపిస్తుందో దానిని ధ్రువణం అంటారు. విమాన ట్రాఫిక్ సంకేతాలన్నీ నిలువు ధ్రువణంతో వెలువడతాయి కనుక యాంటెనా కూడా నిలువుగా ఉండాలి. 45 డిగ్రీలు వాలితే సిద్ధాంతరీత్యా సగం శక్తి పోతుంది. 60 డిగ్రీలు వాలితే దక్కేది నాలుగో వంతు మాత్రమే. మలుపు తిరిగే విమానం ఎలాగూ పక్కకు వాలుతుంది, ఆ నష్టం తప్పదు. నేల మీద ఉన్నప్పుడే యాంటెనాను వంచి అమర్చితే ఆ నష్టానికి మరొకటి తోడవుతుంది.

ఎక్కువ ‘లాభం’ గల యాంటెనా మెరుగైనదనే భావన ఉంది. ఇక్కడ లాభం అంటే కొత్తగా పుట్టే శక్తి కాదు, ఉన్న శక్తిని ఒక దిశకు మళ్లించడం. దీపానికి పళ్లెం అడ్డుపెడితే ఒకవైపు వెలుగు పెరిగి మరొకవైపు చీకటి అవుతుంది కదా, ఇదీ అటువంటిదే. అధిక లాభం గల నిలువు యాంటెనా క్షితిజం వైపు దూరాన్ని పెంచి, పైనా కిందా తగ్గిస్తుంది. నేల మీది కేంద్రానికి అది మేలు. ఎక్కుతూ, దిగుతూ, వాలుతూ సాగే విమానానికి మాత్రం అన్నివైపులా సమానంగా వినే సాధారణ యాంటెనాయే ఎక్కువ నమ్మదగినది.

5. రేడియో నీడ: స్థాన నిర్ణయం

ఈ పౌనఃపున్యాల వద్ద లోహం తరంగాలను అడ్డగిస్తుంది. విద్యుత్ వాహకమైన కార్బన్ ఫైబర్ కూడా అంతే. ఫైబర్ గ్లాస్, పొడి కర్ర చాలా వరకు దారి ఇస్తాయి. అధికంగా నీటితో కూడిన మానవదేహం తరంగాలను పీల్చుకుంటుంది. కనుక పైలట్ ముందు ఉంచిన యాంటెనాకు వెనుక దిక్కున మొదటి అడ్డంకి పైలటే.

అద్దం వెనుక, పరికరాల పలక మీద యాంటెనాను ఉంచడం సులభం, రంధ్రం చేయనక్కరలేదు. కాని ఆ స్థానం నుంచి యాంటెనాకు బాగా అందేది ముందువైపే. అంటే పైలట్ కంటికి ఇప్పటికే అందుతున్న దిక్కు. ఇంజను, పలక కిందివైపు నీడను కల్పిస్తాయి. సెస్నా 172 వంటి ఎత్తు రెక్కల అల్యూమినియం విమానంలో రెక్క, పైకప్పు పైభాగాన్ని మూసివేస్తాయి.

రన్‌వే సమీపానికి దిగుతున్న రెండు విమానాలను ఉదాహరణగా తీసుకుంటే విషయం స్పష్టమవుతుంది. కింద ఎత్తు రెక్కల విమానం ఉంది. దాని మీదుగా, కొద్దిగా వెనుక నుంచి, దిగువ రెక్కల విమానం దిగుతోంది. కింది పైలట్‌కు తన రెక్క అడ్డు, పై పైలట్‌కు తన రెక్క అడ్డు. ఇద్దరికీ ఒకరినొకరు చూసే అవకాశం లేదు. ఇద్దరి యాంటెనాలూ పలకల మీదే ఉంటే కంటికి అడ్డుపడిన లోహమే రేడియోకూ అడ్డుపడుతుంది. కన్ను విఫలమైన చోట ఆదుకోవలసిన పరికరం సరిగ్గా అక్కడే విఫలమవుతుంది.

అందువల్ల స్థాన నిర్ణయం కంటి పరిమితి నుంచి మొదలు కావాలి. ఏ దిక్కులు పైలట్‌కు కనిపించవో ముందు గుర్తించి, ఆ దిక్కులకు అడ్డులేని చోటును ఎంచుకోవాలి. లోహ విమానంలో ఒక యాంటెనా పైన, మరొకటి కింద అమర్చడం ఉత్తమం. రెండు యాంటెనాలకు వీలు కల్పించే గ్రాహకాలు ఇందుకే ఉన్నాయి. కార్బన్ దేహం గల గ్లైడర్లలో యాంటెనాను దేహం వెలుపలికి తేవడమో, పారదర్శకమైన పైకప్పు కింద వీలైనంత ఎత్తున ఉంచడమో మార్గాలు. జి.పి.ఎస్. యాంటెనా అవసరం వేరు. దానికి కావలసింది పైనున్న ఆకాశం మాత్రమే.

దేహానికి రంధ్రం చేయడం నిర్మాణ బలానికి సంబంధించిన పని. అధికారం గల ఇంజనీరు పర్యవేక్షణ, నియమబద్ధమైన నమోదు తప్పనిసరి. యూరోపులో సి.ఎస్.-స్టాన్ నిబంధనలు ఫ్లార్మ్ అమరికను ప్రామాణిక మార్పుగా గుర్తించి ఈ ప్రక్రియను సులభతరం చేశాయి.

6. కేబుల్, కనెక్టర్, ఇరుగుపొరుగు

యాంటెనా పట్టుకున్న శక్తిలో కొంత కేబుల్‌లోనే వేడిగా ఖర్చవుతుంది. ఆర్.జి.-174 వంటి సన్నని కేబుల్‌లో ఈ పౌనఃపున్యాల వద్ద మీటరుకు దాదాపు 1 డెసిబెల్ పోతుంది. మూడు మీటర్లు వేస్తే సగం శక్తి పోయి, అందుకునే దూరం దాదాపు 70 శాతానికి పడిపోతుంది. నష్టం 6 డెసిబెల్స్ అయితే దూరం సగమవుతుంది. ఆర్.జి.-400 వంటి మెరుగైన కేబుల్‌లో నష్టం ఇందులో సుమారు సగమే. కేబుల్ వీలైనంత పొట్టిగా, పదునైన వంపులు లేకుండా ఉండాలి.

కనెక్టర్లలో ఎస్.ఎమ్.ఏ., రివర్స్ ఎస్.ఎమ్.ఏ. అనే రెండు రకాల మరలు ఒకదానిలో ఒకటి బిగుస్తాయి. కాని రెండు వైపులా నడుమ సూది లేకపోతే లోపల స్పర్శే ఏర్పడదు. బిగింపు గట్టిగా ఉన్నంత మాత్రాన సంధానం జరిగినట్లు కాదు. నడిమి సూదిని కంటితో చూసి నిర్ధారించుకోవాలి.

సొంత ట్రాన్స్‌పాండర్ కూడా 1090 మెగాహెర్ట్జ్ మీదే బలంగా ప్రసారం చేస్తుంది కాబట్టి దాని యాంటెనాకు గ్రాహకపు యాంటెనాను వీలైనంత దూరంగా ఉంచాలి. అయస్కాంతపు అడుగు గల యాంటెనాను దిక్సూచికి దగ్గరగా పెట్టరాదు.

7. పరీక్ష

నేల మీద యాంటెనా పొందికను కొలిచే పరికరంతో నిలుతరంగ నిష్పత్తిని చూడవచ్చు. అది 2 ఉంటే 11 శాతం శక్తి, 3 ఉంటే 25 శాతం శక్తి వెనక్కి మళ్లుతుంది. అయితే ఈ కొలత ఒక్కటే చాలదు. 50 ఓమ్‌ల నిరోధకాన్ని బిగించినా నిష్పత్తి ఆదర్శంగానే కనిపిస్తుంది, కాని అది ఏమీ వినదు. 

అసలు పరీక్ష గాలిలోనే. పలు ప్రయాణాలలో నమోదైన సమాచారాన్ని తీసుకొని, ఏ దిక్కు నుంచి ఎంత దూరంలో ఇతర విమానాలు మొదటిసారి పట్టుబడ్డాయో చక్రంలా గీస్తే రేడియో నీడ బొమ్మగా బయటపడుతుంది. ఫ్లార్మ్ వినియోగదారులకు ఇటువంటి దూర విశ్లేషణ సాధనం అందుబాటులో ఉంది. కేబుల్ మార్చిన ప్రతిసారీ, పలక మీద కొత్త పరికరం చేరిన ప్రతిసారీ ఈ పరీక్షను మళ్లీ చేయాలి.

స్థానాన్ని ప్రకటించని ట్రాన్స్‌పాండర్ల విషయంలో జాగ్రత్త మరింత అవసరం. వాటి దూరాన్ని గ్రాహకాలు సంకేతబలాన్ని బట్టి అంచనా కడతాయి. నీడ దిక్కున సంకేతం బలహీనపడుతుంది కనుక దగ్గరగా ఉన్న విమానం దూరంగా ఉన్నట్లు తెర మీద కనిపిస్తుంది. ఇక్కడ యాంటెనా లోపం సమాచారాన్ని దాచడమే కాదు, తప్పుగా చెబుతుంది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. యాంటెనా పౌనఃపున్యానికి సరిపోయే పొడవులో, తగిన పీఠంతో, నిలువుగా ఉండాలి.
2. విమానంలో అధిక లాభం కంటే అన్ని దిక్కుల సమానత్వం ముఖ్యం.
3. స్థాన నిర్ణయంలో సౌకర్యం కొలమానం కారాదు. పైలట్ కంటికి అందని దిక్కే కొలమానం కావాలి.
4. కేబుల్, కనెక్టర్ల నష్టం సెకన్ల నష్టంగా పరిణమిస్తుంది.
5. నేల మీది కొలత ఆరంభం మాత్రమే. దిక్కులవారీగా గాలిలో చేసిన పరీక్షే అమరికను ధ్రువీకరిస్తుంది.

తెర మీద ఏమీ కనిపించకపోవడానికి రెండు అర్థాలున్నాయి. చుట్టుపక్కల విమానం లేకపోవడం ఒకటి, ఉన్నా వినబడకపోవడం రెండవది. ఈ రెండింటినీ వేరుచేసి చెప్పే శక్తి గ్రాహకానికి లేదు. తన యాంటెనా ఏ దిక్కున వినదో తెలిసిన పైలట్‌కే ఆ తేడా తెలుస్తుంది. ఆ దిక్కున అతడు తెరను నమ్మడం మాని, విమానాన్ని కాస్త వాల్చి కళ్లతో వెతుకుతాడు.