భవనమునకు ఊపిరి పోయు ఇంజనీరు

పెద్ద ఆస్పత్రినో, సభాభవనమునో చూచినపుడు మనము గోడలను, స్తంభములను మెచ్చుకొందుము. కప్పు పైనను, గోడల వెనుకను దాగియున్న గాలిగొట్టములు, నీటిగొట్టములు, పంపులు మన కంట పడవు. భవనము నిలుచుటకు సివిల్ ఇంజనీరు ఎట్లో, అందు మనుషులు ఆరోగ్యముగా ఉండుటకు మెకానికల్ ఇంజనీరు అట్లు. వీరిలో అనుభవము గడించి, తోటివారి లెక్కలను సరిచూచి, పటములకు బాధ్యత వహించువారే సీనియర్ డిజైన్ ఇంజనీర్లు.

వీరి మొదటి ప్రశ్న: ఎంత వేడిని తొలగించవలెను? వెయ్యిమంది కూర్చుండు హాలును తీసికొందము. ఊరక కూర్చున్న మనిషి శరీరము నుండి సుమారు 100 వాట్ల వేడి వెలువడును. వెయ్యిమందికి ఇది 100 కిలోవాట్లు. చల్లబరచు యంత్రముల శక్తిని టన్నులలో కొలుతురు. సుమారు 907 కిలోల మంచుగడ్డను 24 గంటలలో కరిగించు వేడికి ఒక టన్ను సమానము, అనగా 3.5 కిలోవాట్లు. ప్రేక్షకుల వేడికే 28 టన్నులకు పైగా కావలెనన్నమాట. ఎండ, దీపములు, బయటి నుండి తెచ్చు గాలి దీనికి అదనము.

అయినచో మరింత పెద్ద యంత్రమును పెట్టిన సరిపోదా? సరిపోదు. వేడితోపాటు తేమను కూడ తీయవలెను. 1902లో న్యూయార్కు నగరపు బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయములో తేమ వలన కాగితము సాగి, రంగులు ఒకదానిపై ఒకటి సరిగా పడలేదు. ఆ చిక్కును తీర్చుటకు విల్లిస్ కారియర్ రూపొందించిన ఏర్పాటే ఆధునిక ఎయిర్ కండిషనింగుకు నాంది. గాలి చల్లని గొట్టములను తాకినపుడు అందలి ఆవిరి నీరై కారిపోవును. అవసరమునకు మించిన యంత్రము గదిని త్వరగా చల్లబరచి ఆగిపోవును, తేమ మిగిలిపోవును. గోడలకు బూజు పట్టును. విశాఖపట్నపు ఉక్కకు, హైదరాబాదు మే నెల పొడి ఎండకు ఒకే లెక్క పనికిరాకపోవుటకు కారణమిదే.

తొలగించిన వేడి ఎక్కడికి పోవును? అనేక పెద్ద భవనములలో అది నీటిలో చేరి, మిద్దెపై గల కూలింగ్ టవరునకు పోవును. అచట కొంత నీరు ఆవిరియై, మిగిలిన నీరు చల్లబడును. ఈ గోరువెచ్చని నీటిని శుభ్రపరచకున్న ప్రమాదము కలదు. 1976లో ఫిలడెల్ఫియాలోని ఒక హోటలులో జరిగిన మాజీ సైనికుల సమావేశము తరువాత వింత న్యుమోనియా వ్యాపించి 34 మంది మరణించిరి. దానికి కారణమైన బాక్టీరియమును 1977లో కనుగొని, తరువాత లీజియొనెల్లా అని పేరు పెట్టిరి. ఇది 20 నుండి 45 డిగ్రీల సెంటిగ్రేడు నీటిలో పెరిగి, సన్నని తుంపరల ద్వారా ఊపిరితిత్తులను చేరును. 2015లో న్యూయార్కు నగరపు దక్షిణ బ్రాంక్సులో ఒక కూలింగ్ టవరు నుండి ఇది వ్యాపించి 16 మందిని బలిగొన్నది.

కనుక అనుభవజ్ఞుడైన ఇంజనీరు పటమును పరిశీలించునపుడు టన్నుల లెక్కతో ఆగడు. టవరు తుంపరలు స్వచ్ఛమైన గాలిని పీల్చు కిటికీ వైపు పోవునా? తొట్టిని కడుగుటకు పనివాడు లోపలికి దిగగలడా? నీరు కదలక నిలిచిపోవు గొట్టము ఎచటనైన ఉన్నదా? అని విచారించును. కాగితముపై ఉన్నపుడు ఒక గీతను చెరిపి దిద్దుట సులభము. కట్టిన పిమ్మట దిద్దుట కష్టము. దిద్దకున్న మూల్యము చెల్లించువారు ఆ గాలిని పీల్చువారే.