అడిగి తీసిన చిత్రము

నేడు మన యిండ్లలో ఛాయాచిత్రము తీయనివారు అరుదు. పొయ్యిమీది పాలు పొంగకుండ చూచుకొనుచునే, రెండవచేత సెల్‌ఫోను పట్టి పసివాని తొలి యడుగును చిత్రించుచున్నాము. ఇంత సులభమైన పనికి వేరొక తరగతి యేల యని మా బంధువులు నవ్విరి. ఆ తరగతి ముగిసినది. వారికి మేము చెప్పదలచిన సమాధానమే యీ వ్యాసము.

మా తరగతిలో పదిమందిమి స్త్రీలము. కొందరు గృహిణులు, కొందరు ఉద్యోగినులు. ఫిబ్రవరి మాసమున మా యుపాధ్యాయిని యొక నియమము పెట్టిరి. ఆబిడ్సు కూడలి మొదలు నాంపల్లి స్టేషను వరకు గల వీథులలో తిరిగి, ఒక్కొక్కరము ఒక్కొక్క విషయమును గైకొని, పండ్రెండేసి చిత్రములు తేవలెను.

ఈ ప్రాంతమునకును ఛాయాచిత్రకళకును పాత చుట్టరికము కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు పరిచారకుడైన ఆల్బర్ట్ ఆబిద్ నడపిన యంగడిని బట్టియే ఆబిడ్సు అను పేరు వచ్చినది. ఆ నిజాము కొలువుననే ఆస్థాన ఛాయాచిత్రకారుడుగా నుండినవారు లాలా దీన్‌దయాళ్. ఆయన 1844లో మీరటు సమీపమున జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, 1886లో సికింద్రాబాదున స్టూడియో స్థాపించిరి. 1892లో హైదరాబాదున స్త్రీలకొరకే జనానా స్టూడియో నొకదానిని తెరచిరి. దానిని నడపినది కెన్నీ-లెవిక్ అను ఆంగ్లవనిత. చుట్టును ఎత్తయిన గోడలు. లోపల పనిచేయువారును స్త్రీలే. పరదా విడువని కులీనస్త్రీలు సంకోచములేక వచ్చి చిత్రము తీయించుకొనుటకై చేసిన యేర్పాటది.

ఈ కథ విన్నప్పుడు, "పాపము, ఆ కాలపు స్త్రీల కెంత నిర్బంధము!" అని మేము జాలిపడితిమి. ఆ జాలి న్యాయమైనదే. కాని ఆ గదిలో కూర్చున్న స్త్రీకి తన చిత్రము తీయబడుచున్నదని తెలియును. తీయుచున్న వారెవరో తెలియును. ఈ మాట మాకు తరువాత మరల జ్ఞప్తికి వచ్చినది.

మన దేశమున తొలి మహిళా పత్రికాఛాయాచిత్రకారిణిగా ప్రసిద్ధి కెక్కిన హోమాయ్ వ్యారావాలా (1913–2012) గారిని గూర్చియు మాకు చెప్పిరి. బొంబాయిలో జె.జె. కళాశాలలో చదువుకొనునాడు ఆమె తన తోటి విద్యార్థినులనే చిత్రములుగా తీసినారు. అయినను ఆమె తొలి చిత్రములు కొన్ని భర్తగారి పేరుతో అచ్చయినవి. 2011లో పద్మవిభూషణ బిరుదము ఆమెను వరించినది. సహాధ్యాయినుల ముఖములనుండి మొదలిడిన చూపు ఎంత దూరము పోగలదో చూచితిరా!

ఇక మా పని. మాలో నొకరు ఆదివారములందు ఆబిడ్సు కాలిబాటలమీద పాత పుస్తకములు పరచు చోటికి పోయిరి. పుస్తకముల తొలిపుటలపై ఎవరో యెవరికో వ్రాసిన ఆశీర్వచనములను మాత్రమే తీసిరి. పేరున్నచోట వ్రేలు అడ్డము పెట్టిరి. మరియొకరు, 1907లో కట్టిన నాంపల్లి స్టేషనులో ప్రయాణికుల మూటలను తీసిరి: పాతచీరతో కట్టిన మూట, టిఫిను క్యారియరు, త్రాడు చుట్టిన పెట్టె. ఒక్క ముఖమైనను లేదు. అయినను ఎవరు పుట్టింటికి పోవుచున్నారో, ఎవరు పనికొరకు వలస వచ్చిరో తెలిసిపోవుచుండెను. వేరొకరు, నుమాయిష్ ముగిసిన మరునాటి మైదానమును తీసిరి. 1938లో పబ్లిక్ గార్డెన్సులో మొదలై 1946లో ఇప్పటి స్థలమునకు మారిన ఆ ప్రదర్శన దీపకాంతులను అందరమును చూచినవారమే. విప్పుచున్న గుడారములను, ఎత్తిపెట్టిన గుంజలను చూచినవారెందరు?

ఈ వ్యాసము వ్రాయుచున్న మేము పబ్లిక్ గార్డెన్సు త్రోవలో మల్లెదండలు కట్టి యమ్ము నొక ముసలమ్మను ఎన్నుకొంటిమి. ఉదయపు టెండ ఏటవాలుగా ఆమె చెంపపై పడుచుండెను. దారమును పంట కొరుకుచుండగా, ఆమె యెరుగకుండ తీసితిమి. చిత్రము జీవకళతో నుండెను. మురిసిపోయి ఆమెకే చూపితిమి.

ఆమె నవ్వలేదు. "అడగకుంటనే తీస్తివా బిడ్డా? ఒక్క మాట చెప్తే కొంగన్న సదురుకుందును గద" అన్నది.

మాకు సిగ్గయినది. ఆమె యెదుటనే దానిని చెరిపివేసితిమి. మరునాడు పోయి అడిగి మరల తీసితిమి. ఆమె ముంగురులు దువ్వుకొని, కొంగు నిండుగా కప్పుకొని, కదలక మెదలక మా వంకనే చూచుచు కూర్చున్నది. నిజము చెప్పవలెనన్న, మొదటి దానిలోని చురుకు ఇందులో లేదు.

తరగతిలో దీనిమీద పెద్దచర్చ నడచినది. "అడిగినంతనే మనుష్యులు బిగిసిపోదురు, వీథిలోని సహజత్వము పోవును, చెరుపుట పొరపాటు" అని కొందరు వాదించిరి. అందు సత్యము లేకపోలేదు. గుంపులో నందరిని అడుగుట యెవరితరము? కాని ఒక్కరి ముఖమే చిత్రమునకు ప్రాణమైనప్పుడు, ముందుగానో వెనుకగానో అడిగి తీరవలెనని మా యభిప్రాయము. మొదటి చిత్రమున మేమామెను చూచితిమి. రెండవదానిలో ఆమెయు మమ్ము చూచుచున్నది. ప్రదర్శనకు రెండవదానినే ఇచ్చితిమి. కాగితముపై నొక ప్రతి వేయించి ఆమె చేతికిచ్చితిమి. పూలబుట్ట యడుగున కాగితముల మడతలో దాచుకొన్నది.

ఇది వీథికి మాత్రమే చెందిన ధర్మము కాదు. పెండ్లిపందిటిలో వదినగారు నోటినిండ ముద్ద పెట్టుకొన్న చిత్రము ఆమెకు తెలియకమునుపే ఊరంతయు చేరుచున్నది. ఎదిగిన ఆడపిల్ల వలదన్నను, "మా పిల్లే గదా" యని నలుగురికి పంపుచున్నాము. పూర్వము గోడలు చేసిన కాపుదలను నేడు మన మర్యాదయే చేయవలెను.

ఈ ఆదివారము మీ అత్తగారినో, అమ్మమ్మగారినో ప్రొద్దుటిపూట కిటికీ ప్రక్కన కూర్చుండ బెట్టుడు. వెలుగు ఎదురుగా గాక ప్రక్కనుండి పడనిండు. ముఖమున ముడుతలు సైతము అందముగా నగపడును. మిట్టమధ్యాహ్నపు టెండ కన్నులక్రింద నీడలు తెచ్చును గనుక వలదు. చేతిలో వారికి నచ్చిన పని యేదైన ఉంచుడు, బిగువు సడలును. తీయవచ్చునా యని అడుగుడు. వలదన్నచో ఫోను ప్రక్కనబెట్టి కొంతసేపు మాటలాడుడు. సరే యన్నచో తీసి, ముందు వారికే చూపుడు.