మా కొట్టంలో స్పిట్‌ఫైర్ చుట్టం

ఎంజీ అనగానే మీకేం గుర్తొస్తుంది? హెక్టరే కదా! మా టీమ్‌లో ఎవర్నడిగినా అదే చెప్తారు. నాకు మాత్రం ఎంజీబీ గుర్తొస్తుంది. రెండే సీట్లు, పైన టాప్ మడిచేసుకోవచ్చు, నేలకి జానెడు ఎత్తులో పోతుంది. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లో ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఎంజీబీ, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, లోటస్ ఎలాన్, జాగ్వార్ ఈ-టైప్... రాత్రి పన్నెండింటికి కోడ్ పుష్ చేసి, ఇంగ్లండ్‌లో ఎవరో పెద్దాయన తన షెడ్డులో వీటి కార్బ్యురేటర్ విప్పుతుంటే యూట్యూబ్‌లో చూస్తూ నిద్రపోయే రకం నేను. వీటిలో ఒక్కటి కూడా నడపలేదు. కళ్లతో చూసిందీ లేదు.

మాది నెల్లూరు కోట. విద్యానగర్‌లో ఇంజినీరింగ్, ఆ తర్వాత బెంగళూరులో ఉద్యోగం. రెండేళ్ల కిందట సంక్రాంతికి ఇంటికెళ్తే నాయన పశువుల కొట్టం ఖాళీ చేయిస్తున్నాడు. అందులో తాత కారు ఉంది. చిన్నప్పుడు దాంట్లో కోళ్లు గుడ్లు పెట్టేవి. మాకది కోళ్ల గూడే, కారని ఎవరూ అనుకోలేదు. పాత ఇనుము కొనేవాడు పద్దెనిమిది వేలిస్తానన్నాడు, నాయన సరేనన్నాడు.

ఆ మనిషి లోపలేముందో చూద్దామని ముందు భాగం ఎత్తాడు. బానెట్ ఒక్కటే లేవలేదు. మడ్‌గార్డులు, లైట్లు, ముందున్న మూతి మొత్తం కలిసి మొసలి నోరు తెరిచినట్టు ముందుకి లేచింది. నాకు ఒళ్లు ఝల్లుమంది. రోజూ రాత్రి నేను చూసే స్పిట్‌ఫైర్ కూడా అచ్చం ఇట్టాగే తెరుచుకుంటుంది!

అది స్టాండర్డ్ హెరాల్డ్. 1959లో ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ హెరాల్డ్‌గా మొదలై, 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ చేతిలో తయారైన కారు. అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్ - అప్పట్లో మనవాళ్లకి ఉన్నవి ఈ మూడే. అవి కూడా బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అందుకే గూడూరు మైకా కంపెనీలో గుమాస్తాగా చేసిన మా తాత సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు.

హెరాల్డ్ పుట్టుకే ఒక కథ. ఇంగ్లండ్‌లో ఈ కారు డిజైన్ చేసే నాటికే బాడీలు చేసిచ్చే ఫ్యాక్టరీ పోటీ కంపెనీ చేతిలోకి పోయింది. ఒకే ముక్కగా బాడీ చేయించుకునే దారి లేక, లారీకి ఉన్నట్టు కింద విడిగా చాసిస్ పెట్టి, దాని మీద బాడీని ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించారు. గతిలేక చేసిన పనే తర్వాత కలిసొచ్చింది. పైముక్కలు మార్చేస్తే చాలు, అదే చాసిస్ మీద కొత్త కారు రెడీ. 1962లో ఆ చాసిస్‌నే కురచ చేసి, దాని మీద ఇటలీ డిజైనర్ మికెలొట్టి గీసిన బాడీ వేస్తే స్పిట్‌ఫైర్ అయింది. హెరాల్డ్‌కి బొమ్మ గీసింది కూడా ఆయనే. అంటే మా కోళ్ల గూడు స్పిట్‌ఫైర్‌కి అక్క!

బేరం ఆపమన్నాను. నాయన మొహం మారిపోయింది. "ఈ కారు మీ తాత చేత ఒక ఎకరం అమ్మించింది తెలుసా? దీని రిపేర్లకే. ఆ ఎకరమే ఉండుంటే నేను డిగ్రీ చదివుండేవాణ్ణి" అన్నాడు. ఆ మాట నాకు అప్పటిదాకా తెలియదు. నా దగ్గర జవాబు లేదు. ఆ పద్దెనిమిది వేలు నేనే ఫోన్‌పే చేసి కారుని కొనుక్కున్నాను. సొంత నాయన దగ్గర! ఆయన ఆ డబ్బు తీసుకున్నాడు, నెల రోజులు నాతో మాట్లాడలేదు.

గూడూరులో ఒక ముసలి మేస్త్రి ఉన్నాడంటే వెళ్లి తీసుకొచ్చాను. కారు కింద దూరి అరగంట తర్వాత బయటికొచ్చాడు. సముద్రపు గాలికి చాసిస్ పక్క రెక్కలు పొరలు పొరలుగా ఊడిపోతున్నాయి. ఇంజిన్ గురించి ఆయన ఒక్క మాట కూడా అడగలేదు. ముందు చక్రం వెనక ఇత్తడి రంగులో ఉన్న చిన్న ముక్క మీద వేలు పెట్టి, "దీంట్లో ఏం పోశారు అబ్బయ్యా ఇన్నాళ్లు?" అన్నాడు.

దాని పేరు ట్రనియన్. స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం దీనిలోపలి మరల మీదే తిరుగుతుంది. ఇందులో గ్రీజు కాదు, గేర్ ఆయిల్ 90 పోయాలి. గ్రీజు ఆ మరల్లోకి సరిగా పోదు. లోపల ఎండి పట్టేస్తే నిలువు కడ్డీ విరిగి, ఏదో ఒకరోజు మలుపులో చక్రం బయటికి వాలిపోతుంది. ఇంగ్లండ్ యూట్యూబ్ పెద్దాయన చెప్పిన మాటే ఇది! గూడూరు మేస్త్రి మాత్రం యాభై ఏళ్ల కిందట మద్రాసులో పని నేర్చుకుంటూ తెలుసుకున్నాడు. ఆయన తర్వాత ఈ చుట్టుపక్కల ఈ సంగతి తెలిసిన మెకానిక్ నాకింకా కనిపించలేదు. అందుకే ఇప్పుడు ఆయన చేసే ప్రతి పనీ ఫోన్‌లో రికార్డ్ చేస్తున్నాను.

ఈ ముక్క ఇప్పుడెక్కడ దొరుకుతుంది? ఇంగ్లండ్‌లో, కొత్తది! అక్కడ వేల మంది ఇంకా స్పిట్‌ఫైర్‌లు నడుపుతున్నారు, వాళ్ల కోసం తయారు చేస్తూనే ఉన్నారు. హెరాల్డ్‌కీ స్పిట్‌ఫైర్‌కీ ముందు సస్పెన్షన్ ఒకటే కుటుంబం. కోలిన్ చాప్‌మన్ 1962లో లోటస్ ఎలాన్ చేసినప్పుడు కూడా ముందు చక్రాలకి ట్రయంఫ్ ముక్కలే వాడుకున్నాడు. ఎలాన్ ధర వింటే కళ్లు తిరుగుతాయి, దాని చక్రం మాత్రం మా తాత కారు చక్రంలాగే తిరుగుతుంది. ఒక హెచ్చరిక: ఎడమ ముక్కకీ కుడి ముక్కకీ మరలు ఎదురెదురు దిశల్లో ఉంటాయి. నేను మొదటిసారి రెండూ ఎడమవే ఆర్డర్ చేశాను. ఇంజినీరింగ్ చదివానని ఎవరికీ చెప్పకండి.

నాయన మళ్లీ మాట్లాడింది షోళవరం దగ్గర. చాసిస్‌కి రేకులు కొనాలని ఇద్దరం మద్రాసుకి బయల్దేరాం. దారి చూపిస్తానని వచ్చాడు గానీ సూళ్లూరుపేట దాటేదాకా నోరు విప్పలేదు. రెడ్‌హిల్స్ ఇంకా రాకముందే ఉన్నట్టుండి, "ఇక్కడ కార్ల రేసులు జరిగేవి, తెలుసా?" అన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు అక్కడే రేసులు పెట్టింది. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ వచ్చేదాకా దక్షిణాదిలో రేసు అంటే షోళవరమే. తాత ఈ హెరాల్డ్‌లోనే నాయన్ని అక్కడికి తీసుకెళ్లాడట. "మన కారు లాంటివే, లోపల సీట్లన్నీ పీకేసి పరిగెత్తించేవాళ్లు. నేను మీ నాయనమ్మ కట్టిచ్చిన పులిహోర తింటా చూశా" అన్నాడు. అంతే. మళ్లీ ఎకరం మాటెత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పాత బండిని రోడ్డెక్కించడం ఎట్టా అని అడిగేవాళ్ల కోసం: మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపం మారకుండా ఉన్న బండికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. నంబరులో 'వీఏ' అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఇరవై వేలు, పదేళ్లు చెల్లుతుంది. దాంతో రోజూ ఆఫీసుకి పోకూడదు. ర్యాలీకి, ప్రదర్శనకి, పెట్రోలుకి, రిపేరుకి అయితే తీయొచ్చు. నాకు అది చాలు.

ఇప్పటిదాకా నాలుగు నెలల జీతం పోయింది. చాసిస్ రెక్కలు వేశాం, ఇంజిన్ తిరుగుతోంది, బ్రేకులు మాత్రం ఇంకా నమ్మేటట్టు లేవు. పోయిన నెల కొట్టం ముందర ఖాళీ జాగాలో మేస్త్రి మెల్లగా ఒక చుట్టు తిప్పాడు. పాతిక అడుగుల జాగాలో ఒక్క వేటుకి గుండ్రంగా తిరిగింది. అంత చిన్న జాగాలో తిరిగే కారు ఇప్పటి కొత్త బళ్లలో దొరకడం కష్టం. కోళ్లు భయపడి గోడెక్కాయి.

నిన్న స్టాండప్ మీటింగ్ మధ్యలో నాయన ఫోన్ చేశాడు. ఏమైందోనని కంగారుగా ఎత్తాను.

"అబ్బయ్యా, అంగట్లో ఉన్నా. ఆ చక్రంలో పోసే నూనె తొంభైయా, నూట నలభైయా?"