కర్బనమునకు వెల: ఆస్ట్రేలియా అనుభవము

బొగ్గును కాల్చినపుడు అందలి కర్బనము గాలిలోని ఆమ్లజనితో కలిసి బొగ్గుపులుసు వాయువుగా మారును. ఈ వాయువు సూర్యకాంతిని లోనికి రానిచ్చును గాని, భూమి నుండి వెలువడు వేడిమిని అంతటిని పైకి పోనీయదు. హవాయి దీవులలోని మౌనా లోవా పర్వతముపై 1958లో చార్లెస్ కీలింగ్ కొలతలు ప్రారంభించినపుడు, పదిలక్షల పాళ్ల గాలిలో ఈ వాయువు సుమారు 315 పాళ్లుండెను. నేడది 420ని మించినది.

వ్యాధి కారణము తెలిసినది, చికిత్సయు తెలిసినదే. అయినను చికిత్స ఏల సాగుట లేదు? దీనికి సమాధానము రసాయనశాస్త్రములో లేదు, శాసనసభలలో కలదు. ఆస్ట్రేలియా ఇందుకు మంచి నిదర్శనము. 2009 నాటికి ఆ దేశపు విద్యుత్తులో అధికభాగము బొగ్గు వలననే లభించుచుండెను. బొగ్గు ఎగుమతియు అచట గొప్ప వ్యాపారము.

2009లో కెవిన్ రడ్ ప్రభుత్వము తెచ్చిన బిల్లును సెనేటు రెండుసార్లు త్రోసివేసెను. బిల్లు చాలినంత గట్టిగా లేదని గ్రీన్ పార్టీ వారు కూడ దానిని వ్యతిరేకించిరి. బిల్లునకు అనుకూలుడైన ప్రతిపక్ష నాయకుడు మాల్కమ్ టర్న్‌బుల్ తన పదవిని ఒకే ఒక ఓటు తేడాతో, 42కు 41గా, టోనీ అబ్బాట్‌కు కోల్పోయెను.

పిదప జూలియా గిలార్డ్ ప్రభుత్వము 2012 జూలై 1 నుండి పెద్ద కర్మాగారములు, విద్యుత్కేంద్రములు విడుచు ప్రతి టన్ను వాయువునకు 23 ఆస్ట్రేలియా డాలర్ల వెల విధించెను. ఇందలి సూత్రము సులభమైనది. పొగ విడుచుటకు రుసుము చెల్లించవలసి వచ్చినచో, తక్కువ పొగతో పని జరుపు మార్గమును యజమాని తానే వెదకును. వచ్చిన ధనములో పెద్ద భాగమును ఆదాయపు పన్ను తగ్గింపుగాను, పింఛనుల పెంపుగాను కుటుంబములకు తిరిగి ఇచ్చిరి.

అయినను వ్యతిరేకత చల్లారలేదు. తన ప్రభుత్వములో కర్బనపు పన్ను ఉండదని గిలార్డ్ 2010 ఎన్నికల ముందు చెప్పియుండుట ప్రత్యర్థులకు ఆయుధమైనది. కరెంటు బిల్లులు అంతకు ముందు నుండియే పెరుగుచుండెను. స్తంభములు, తీగెలపై పెట్టిన వ్యయమే ఆ పెరుగుదలకు ముఖ్యకారణము. కాని ప్రజల కోపము పన్నుపైకి మరలెను. 2013 ఎన్నికలలో అబ్బాట్ గెలిచెను. 2014 జూలై 17న చట్టము రద్దయినది.

ఇందులో ఒక లెక్క ఇమిడియున్నది. వ్యయము నేడే, బిల్లుపై కంటికి కనబడును. లాభము పలు సంవత్సరముల పిదప, లోకమంతటికి కొద్దికొద్దిగా పంచబడును. నష్టపడు గని యజమానులు, కార్మికులు కొద్దిమందియే అయినను సంఘటితులు. వారి స్వరము గట్టిగా వినబడును. లాభము పొందవలసిన వారిలో అనేకులు ఇంకను పుట్టనే లేదు. వారికి ఓటు లేదు.

వెల అమలులో నున్న రెండేండ్లలో విద్యుత్కేంద్రముల వాయువు తగ్గినది. రద్దయిన పిమ్మట కొంత పెరిగినది. జలవిద్యుత్తు హెచ్చుతగ్గులు, విద్యుత్ వాడుకలోని మార్పులు కూడ ఇందుకు తోడ్పడినవి గనుక, మార్పు అంతయు వెల వలననే అనుట పొరపాటు.

2022లో ఆ దేశము మరల చట్టము చేసి, 2005 నాటి వాయువులను 2030 నాటికి 43 శాతము తగ్గింప నిశ్చయించినది. ఈ వాయువులో కొంత భాగము శతాబ్దముల తరబడి గాలిలో నిలిచియుండును. కావున వాదములలో గడచిన ఏండ్లను పిదప చేసిన చట్టము తిరిగి తేజాలదు.