భాగం – 9: కట్టెల బాయిలర్ ఎంపిక – ఇంటి వేడినీళ్ళకు ఇంధనం లెక్క

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 మన అవసరం ఎంత?
9.3 కట్టెలో ఉన్న శక్తి
9.4 బాయిలర్‌లో ఏమి చూడాలి?
9.5 పొగ, ప్రమాదాలు
9.6 ఇతర మార్గాలతో పోలిక
9.7 ఒక కుటుంబం నిర్ణయం
9.8 సారాంశం
9.9 మాదిరి జవాబులు
9.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• మీ ఇంటికి రోజూ ఎంత ఉష్ణం కావాలో లెక్కకట్టగలుగుతారు;
• పచ్చికట్టెకు, ఎండుకట్టెకు ఉన్న తేడాను వివరించగలుగుతారు;
• కట్టెల బాయిలర్ కొనేటప్పుడు పరిశీలించవలసిన అంశాలను గుర్తించగలుగుతారు;
• కట్టె, కరెంటు, గ్యాసు, సూర్యరశ్మి – వీటిలో మీ ఇంటికి ఏది తగినదో నిర్ణయించగలుగుతారు.

9.1 పరిచయం

ఆస్ట్రియా, స్వీడన్ వంటి చలిదేశాల్లో కట్టెల బాయిలర్ అంటే ఇల్లంతా వెచ్చగా ఉంచే యంత్రం. అందులో కాగిన నీళ్ళు గొట్టాల ద్వారా గదిగదికీ తిరుగుతాయి. మన ప్రాంతంలో ఆ అవసరం లేదు. హైదరాబాదులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు. అది 1946 జనవరి 8 నాటి మాట. మామూలు చలికాలంలో ఒక దుప్పటి, మూసిన కిటికీ సరిపోతాయి. మనకు నిప్పు కావలసింది గదికి కాదు, స్నానం నీళ్ళకు.

శ్రీశైలం రహదారి మీద ఉన్న రంగారెడ్డి జిల్లా కందుకూరు మండలాన్నే ఉదాహరణగా తీసుకుందాం. డిసెంబరు తెల్లవారుజామున ఈ ఊళ్ళలో చాలా ఇళ్ళ వాకిట్లో పొగ కనిపిస్తుంది. కొందరు మూడు రాళ్ళ పొయ్యి మీద కాగు పెడతారు. కొందరి ఇళ్ళలో పాత రాగి బాయిలర్ ఉంటుంది. దాన్నే కొందరు బొగ్గుల బాయిలర్ అని, హైదరాబాదు పాతబస్తీ వైపు హమామ్ అని కూడా అంటారు. శంషాబాదు విమానాశ్రయం 2008లో మొదలైన తరవాత ఈ ప్రాంతంలో కట్టడాలు పెరిగాయి, పొలాల అంచున ఉన్న చెట్టూచేమా తగ్గుతూ వచ్చాయి. కట్టె ఊరికే దొరుకుతుంది కదా అన్న మాట ఇప్పుడు అన్ని ఇళ్ళకూ వర్తించదు. అందువల్ల కొనేముందు లెక్క చూసుకోవాలి.

9.2 మన అవసరం ఎంత?

బాయిలర్ ఎంపికలో మొదటి ప్రశ్న “ఏది మంచిది?” అన్నది కాదు, “నాకు ఎంత కావాలి?” అన్నది.

ఐదుగురున్న కుటుంబం అనుకుందాం. ఒక్కొక్కరికి ఒక బకెట్, అంటే 20 లీటర్లు. మొత్తం 100 లీటర్లు. చలికాలంలో ట్యాంకు నీళ్ళు 20 డిగ్రీల దగ్గర ఉంటాయనుకుందాం. స్నానానికి 40 డిగ్రీలు కావాలి. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి ఒక కిలోకేలరీ అవసరం. కనుక:

100 లీటర్లు × 20 డిగ్రీలు = 2,000 కిలోకేలరీలు, అంటే సుమారు 8.4 మెగాజౌళ్ళు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. 100 లీటర్ల స్నానానికి 100 లీటర్ల బాయిలర్ అక్కర్లేదు. 50 లీటర్లను 60 డిగ్రీల దాకా కాచి, మరో 50 లీటర్ల చన్నీళ్ళు కలిపితే 100 లీటర్లు 40 డిగ్రీలకు వస్తాయి. కావలసిన ఉష్ణం రెండు పద్ధతుల్లోనూ ఒక్కటే. ఒకరు స్నానం చేసేలోగా తిరిగి నీళ్ళు పోసి కాచుకునే ఇంట్లో 25 లీటర్ల బాయిలర్ కూడా సరిపోతుంది. అవసరానికి మించిన బాయిలర్ కొంటే వాడని నీళ్ళను కూడా రోజూ వేడిచేస్తూ ఉంటాం.

9.3 కట్టెలో ఉన్న శక్తి

బాగా గాలికి ఆరిన కట్టె కిలో ఒకటికి సుమారు 15 మెగాజౌళ్ళ ఉష్ణాన్ని ఇస్తుంది. సర్కారు తుమ్మ, నల్ల తుమ్మ, వేప, సుబాబుల్ – బరువు లెక్కన ఇవన్నీ దాదాపు సమానమే. తేడా సాంద్రతలో ఉంటుంది. తుమ్మకట్టె గట్టిది కనుక మెల్లగా, ఎక్కువసేపు మండుతుంది. కందికట్టె, పత్తికట్టె, మక్క బెండ్లు తేలికైనవి. అవి భగ్గున మండి త్వరగా ఆరిపోతాయి, కనుక మాటిమాటికీ ఎగదోయాలి.

జాతి కంటే ముఖ్యమైనది తేమ. అప్పుడే కొట్టిన కట్టె బరువులో దాదాపు సగం నీరే ఉండవచ్చు. పొయ్యిలో పెట్టిన తరవాత ఆ నీరు ముందుగా ఆవిరి కావాలి. అందుకు కావలసిన గుప్తోష్ణం కట్టె నుంచే ఖర్చవుతుంది. అందువల్ల కిలో పచ్చికట్టె ఇచ్చే వేడి కిలో ఎండుకట్టె ఇచ్చే వేడిలో దాదాపు సగమే. పైగా మంట చల్లబడి దహనం అసంపూర్ణమవుతుంది, పొగ ఎక్కువవుతుంది. కాబట్టి వేసవిలో కొట్టి, చీల్చి, వానపడని చోట గాలి తగిలేటట్లు పేర్చిన కట్టెనే చలికాలంలో వాడాలి. రెండు కట్టెలను ఒకదానికొకటి తగిలించి చూడండి. ఎండినవైతే ఖంగుమంటాయి, పచ్చివైతే మొద్దుగా పలుకుతాయి.

ఇప్పుడు దక్షతను చూద్దాం. మండిన ఇంధనం ఇచ్చిన ఉష్ణంలో నీళ్ళకు చేరిన భాగమే దక్షత. మూడు రాళ్ళ పొయ్యికి 12 శాతం, మధ్యలో గొట్టం ఉన్న మంచి బాయిలర్‌కు 40 శాతం అనుకుని లెక్క వేద్దాం.

మూడు రాళ్ళ పొయ్యి: కిలో కట్టె నుంచి నీళ్ళకు చేరేది 1.8 మెగాజౌళ్ళు. రోజుకు కావలసిన కట్టె సుమారు 4.7 కిలోలు.
బాయిలర్: కిలో కట్టె నుంచి నీళ్ళకు చేరేది 6 మెగాజౌళ్ళు. రోజుకు కావలసిన కట్టె 1.4 కిలోలు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా 120 రోజులకు మొదటిదానికి 560 కిలోలు, రెండోదానికి 168 కిలోలు అవుతాయి. అంటే ఒక్క చలికాలంలో దాదాపు 390 కిలోల కట్టె మిగులుతుంది. ఆ కట్టెను కొట్టి, మోసి, ఎండబెట్టేది సాధారణంగా ఇంట్లోని ఆడవాళ్ళే అన్నది గుర్తుంచుకుంటే, ఈ అంకె బరువు తెలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
గమనిక: మీ జవాబులను భాగం చివర ఇచ్చిన జవాబులతో సరిచూసుకోండి.
(అ) ముగ్గురున్న ఇంటికి ఒక్కొక్కరికి 20 లీటర్ల చొప్పున, 20 డిగ్రీల నీటిని 40 డిగ్రీలకు కాచడానికి ఎన్ని కిలోకేలరీలు కావాలి?
(ఆ) పచ్చికట్టె తక్కువ వేడి ఇవ్వడానికి ప్రధాన కారణం ఏమిటి?

9.4 బాయిలర్‌లో ఏమి చూడాలి?

బాయిలర్ నిర్మాణం సులభమైనది. బయట నీళ్ళ పాత్ర, దాని నడుమ నిలువుగా ఒక గొట్టం, కింద ఊచల జాలీ, దాని కింద బూడిద పడే చోటు. మంట, వేడి వాయువులు గొట్టం గుండా పైకి పోతూ చుట్టూ ఉన్న నీళ్ళకు ఉష్ణాన్ని ఇస్తాయి. కొనేటప్పుడు కింది అంశాలను పరిశీలించండి.

(1) గొట్టం. “రాగి అయితేనే త్వరగా కాగుతుంది” అని చాలామంది నమ్మకం. రాగికి ఉష్ణవాహకత ఎక్కువన్నది నిజమే. కాని ఇక్కడ వేడిని ఆపేది లోహపు రేకు కాదు. వేడి వాయువు నుంచి రేకుకు ఉష్ణం చేరడమే అన్నిటికంటే నెమ్మదైన దశ. రేకు పలుచన కనుక అది రాగి అయినా స్టీలు అయినా కాగే వేగంలో పెద్ద తేడా ఉండదు. గొట్టం పొడవు, వాయువు తాకే వైశాల్యం, గొట్టం లోపల పేరుకున్న మసి – వేగాన్ని నిర్ణయించేవి ఇవే. మసి ఉష్ణాన్ని అడ్డుకుంటుంది, కనుక వారానికొకసారి గొట్టాన్ని తోమాలి. రాగికి ఉన్న అసలు లాభం మన్నిక. పాతబడినా మంచి ధర పలుకుతుంది. జింకు పూత రేకు చవక, కాని త్వరగా తుప్పు పడుతుంది.

(2) నీళ్ళు పోసే పద్ధతి. కొన్ని బాయిలర్లలో గరాటు నుంచి పోసిన చన్నీళ్ళు అడుగుకు చేరి, పైనున్న వేడినీళ్ళను ముక్కు గుండా బయటికి తోస్తాయి. ఇందులో పాత్ర ఎప్పుడూ నిండుగా ఉంటుంది. అడుగున కుళాయి ఉన్న రకంలో మరచిపోతే పాత్ర పూర్తిగా ఖాళీ కావచ్చు. ఖాళీ పాత్ర కింద మంట ఉంటే అతుకులు కరిగి విడిపోతాయి. పిల్లలు వాడే ఇంట్లో మొదటి రకం మేలు.

(3) తెరిచిన దారి. ఒక లీటరు నీరు ఆవిరైతే దాదాపు 1,600 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అందువల్ల ఇంటి బాయిలర్‌కు ఆవిరి బయటికి పోయే దారి ఎప్పుడూ తెరిచే ఉండాలి. గరాటును గాని ముక్కును గాని మూతతో బిగించరాదు. నీళ్ళు కారుతున్నాయని గుడ్డ కుక్కడం అత్యంత ప్రమాదకరం.

(4) గాలి. జాలీ కింద బూడిద నిండితే గాలి అందదు, పొగ పెరుగుతుంది. బూడిదను సులభంగా తీయగలిగే ఏర్పాటు ఉందో లేదో చూడండి.

(5) బోరు నీళ్ళు. మన బోరు నీళ్ళలో కాఠిన్యం ఎక్కువ. కాచిన కొద్దీ లోపల తెల్లని పొర పేరుకుంటుంది. చెయ్యి లోపలికి పెట్టి శుభ్రం చేయడానికి వీలున్న పాత్రను ఎంచుకోండి.

9.5 పొగ, ప్రమాదాలు

కట్టె పూర్తిగా మండితే వెలువడేవి ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి. అసంపూర్ణంగా మండితే సన్నని రేణువులు, కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తాయి. గాలిలో అతిసన్నని రేణువులు 24 గంటల సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు మించరాదన్నది 2009 నాటి మన జాతీయ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన పరిమితి 15 మాత్రమే. ఇళ్ళలో ఇంధనాల పొగవల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని ఆ సంస్థ అంచనా.

చలికాలపు తెల్లవారుజామున నేల దగ్గరి గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటుంది. అందువల్ల పొగ పైకి పోక ఇళ్ళ మధ్యనే నిలుస్తుంది. సరిగ్గా మనం నీళ్ళు కాచే వేళ అదే. కనుక:

• బాయిలర్‌ను ఆరుబయట, పడకగది కిటికీలకు దూరంగా పెట్టండి. పొగగొట్టం మనిషి తలకంటే బాగా ఎత్తున ఉండాలి.
• స్నానాల గదిలో, మూసిన వరండాలో ఎప్పుడూ వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. బొగ్గులు పొగ లేకుండా ఎర్రగా ఉన్నప్పుడు కూడా ఇది వెలువడుతుంది. “పొగ లేదు కదా” అని నిప్పులను లోపలికి తెచ్చుకోవడం ప్రాణాంతకం.
• కట్టడాల దగ్గర మిగిలిన ప్లైవుడ్, రంగువేసిన చెక్క ఊరికే దొరికినా వాడకండి. వాటిలోని జిగురు, రంగులు మండితే విషవాయువులు వస్తాయి. రాజేయడానికి పాలిథిన్ కవర్లు, టైరు ముక్కలు వేయడం కూడా అంతే. ఎండు కొబ్బరిపీచు, కందిపుల్లలు చాలు.
• బకెట్‌లో ముందు చన్నీళ్ళు, తరవాత వేడినీళ్ళు పోయండి. 60 డిగ్రీల నీరు కొన్ని క్షణాల్లోనే చర్మాన్ని కాలుస్తుంది.

9.6 ఇతర మార్గాలతో పోలిక

అదే 8.4 మెగాజౌళ్ళను ఇతర మార్గాల్లో లెక్కిద్దాం.

కరెంటు గీజర్: ఒక యూనిట్ అంటే 3.6 మెగాజౌళ్ళు. నష్టాలతో కలిపి రోజుకు సుమారు 2.6 యూనిట్లు, నెలకు 78 యూనిట్లు. తెలంగాణలో 2024లో మొదలైన గృహజ్యోతి పథకం కింద అర్హత ఉన్న ఇళ్ళకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. మీ ఇంటి వాడకం ఇప్పుడు 110 యూనిట్లయితే గీజర్ పెట్టినా పరిమితి దాటదు. 150 అయితే దాటుతుంది, ఆ నెల ఉచితం పోతుంది. గీజర్ ధర కంటే ముందు మీ పాత బిల్లులు చూడాలి.

గ్యాసు: ఎల్‌పీజీ కిలోకు సుమారు 46 మెగాజౌళ్ళు. స్టవ్ దక్షత 65 శాతం అనుకుంటే రోజుకు 280 గ్రాములు కావాలి. 14.2 కిలోల సిలిండర్ ఒక్క స్నానాలకే 50 రోజులు వస్తుంది. గ్యాసు గీజర్‌ను గాలి ఆడని స్నానాల గదిలో బిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం దానికీ ఉంది.

సోలార్: 100 లీటర్ల సోలార్ హీటర్‌కు దాదాపు 2 చదరపు మీటర్ల పలక సరిపోతుంది. మన చలికాలం ఎక్కువగా మబ్బులేని కాలం, కనుక అవసరమైనప్పుడే ఎండ కూడా ఉంటుంది. ముందురోజు కాగిన నీళ్ళు మర్నాటి ఉదయం దాకా వెచ్చగానే ఉంటాయి. నీళ్ళ కాఠిన్యం ఎక్కువైతే, బోరు నీళ్ళు నేరుగా పలకలోకి పోకుండా ఉష్ణ వినిమాయకం ఉన్న రకం తీసుకోవాలి. మొదటి ఖర్చు ఎక్కువ కావడం, సొంత డాబా అవసరం కావడం దీని పరిమితులు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(ఇ) గరాటును మూతతో బిగించకూడదు, ఎందుకు?
(ఈ) పొగలేని బొగ్గులను గదిలో ఉంచడం ఎందుకు ప్రమాదం?

9.7 ఒక కుటుంబం నిర్ణయం

ఇప్పటిదాకా నేర్చుకున్నదాన్ని ఒక సందర్భానికి అన్వయిద్దాం. కందుకూరు దగ్గర సొంత ఇల్లు, రెండెకరాల పత్తి, కంది చేను ఉన్న ఐదుగురి కుటుంబం అనుకోండి. ఇంట్లో అత్తకు ఉబ్బసం ఉంది. కోడలు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి మూడు రాళ్ళ పొయ్యి రాజేస్తుంది. కరెంటు వాడకం నెలకు 150 యూనిట్లు. కొడుకు రాగి బాయిలర్ కొందామంటున్నాడు.

కట్టె లెక్కన చూస్తే బాయిలర్ మంచి నిర్ణయమే. రోజుకు 4.7 కిలోల చోట 1.4 కిలోలు చాలు. కాని ఆ 1.4 కిలోల పొగ కూడా అత్త గది కిటికీ ముందే లేస్తుంది. గీజర్ పెడితే వాడకం 228 యూనిట్లకు చేరి ఉచిత పరిమితి దాటుతుంది. డాబా సొంతం కనుక సోలార్ సాధ్యమే. ఈ ఇంటికి సోలార్ ప్రధానంగా, మబ్బురోజులకు పెరటి చివర చిన్న జింకు పూత రేకు బాయిలర్ అన్నది తగిన కలయిక. డబ్బు ఈ ఏడాది చాలకపోతే ముందు ఆ చిన్న బాయిలర్ కొని, పొయ్యిని కిటికీ దగ్గరినుంచి తీసివేసి, ఎండుకట్టె మాత్రమే వాడుతూ సోలార్‌కు కూడబెట్టుకోవచ్చు.

అద్దె ఇంట్లో ఉన్నవారికి, ఉబ్బసం రోగి లేని ఇంటికి జవాబు వేరుగా రావచ్చు. లెక్క చేసే పద్ధతి మాత్రం ఒకటే. పొయ్యి దగ్గర కూర్చునే మనిషిని కూడా ఆ లెక్కలో చేర్చాలి.

9.8 సారాంశం

ఎంపిక అవసరంతో మొదలుకావాలి. ఐదుగురి స్నానానికి రోజుకు సుమారు 2,000 కిలోకేలరీలు చాలు. ఎండుకట్టె, శుభ్రంగా ఉన్న పొడవైన గొట్టం, తగినంత గాలి దక్షతను పెంచుతాయి. ఆవిరికి తెరిచిన దారి, ఆరుబయట చోటు ప్రాణాలను కాపాడతాయి. కట్టెను కరెంటు, గ్యాసు, సోలార్‌తో పోల్చేటప్పుడు డబ్బుతో పాటు శ్రమను, పొగను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

9.9 మాదిరి జవాబులు

(అ) 60 × 20 = 1,200 కిలోకేలరీలు.
(ఆ) కట్టె బరువులో చాలా భాగం నీరే. ఆ నీటిని ఆవిరి చేయడానికి గుప్తోష్ణం రూపంలో కూడా వేడి ఖర్చవుతుంది.
(ఇ) ఆవిరికి దారి లేక లోపల పీడనం పెరిగి పాత్ర పగిలిపోతుంది.
(ఈ) బొగ్గుల నుంచి రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వెలువడి, రక్తానికి ఆక్సిజన్ అందకుండా చేస్తుంది.

9.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. రాగి బాయిలర్, స్టీలు బాయిలర్ కాగే వేగంలో పెద్ద తేడా ఎందుకు ఉండదు?
2. చలికాలపు ఉదయం పొగ ఇళ్ళ మధ్యనే ఎందుకు నిలుస్తుంది?

II. కింది ప్రశ్నకు 30 పంక్తుల్లో జవాబు రాయండి.
1. మీ ఇంటి సభ్యుల సంఖ్య, కరెంటు బిల్లు, దొరికే కట్టె, ఇంట్లోవారి ఆరోగ్యం ఆధారంగా మీ ఇంటికి తగిన వేడినీళ్ళ ఏర్పాటును లెక్కలతో నిర్ణయించండి.