లైట్ వేస్తే బోటు రేడియోలో గుర్రు ఎందుకు?

మన వరంగల్‌కి సముద్రం లేదు కదా, బోటు రేడియో మనకెందుకు అంటారా? ఆగండి, కథ మీ ఫోన్ చార్జర్ దాకా వస్తుంది.

విశాఖ, కాకినాడ బోట్లు లోపలికి వెళ్లాక ఫోన్ సిగ్నల్ ఉండదు. అప్పుడు దిక్కు వీహెచ్ఎఫ్ రేడియోనే. ఆపదలో పిలిచేది చానల్ 16, అంటే 156.8 మెగాహెర్ట్జ్.

ఎల్ఈడీ లైట్లో కరెంటును సెకనుకు వేలు, లక్షల సార్లు ఆన్, ఆఫ్ చేసే సర్క్యూట్ ఉంటుంది. ఫిల్టర్ సరిగా లేకపోతే ఆ నాయిస్ రేడియోలోకి దూరుతుంది. చవక యూఎస్‌బీ చార్జర్లదీ ఇదే కథ. దూరం నుంచి వచ్చే సన్నటి కేక అందులో మునిగిపోతుంది. 2018లో అమెరికా కోస్ట్ గార్డ్ దీని మీదే హెచ్చరిక ఇచ్చింది.

టెస్ట్ సింపుల్. లైట్లు, చార్జర్లు ఆపి, ఖాళీ చానల్ పెట్టండి. స్క్వెల్చ్ నాబ్ తిప్పుతూ గుర్రు ఆగిన చోటే వదిలేయండి. ఇప్పుడు ఒక్కొక్కటే ఆన్ చేయండి. మళ్లీ గుర్రుమంటే దొంగ అదే! దాన్ని మార్చండి, లేదా యాంటెన్నాకి దూరంగా జరపండి.

ఉప్పుగాలికి యాంటెన్నా కనెక్టర్ తుప్పు పడుతుంది, అప్పుడప్పుడు విప్పి చూడండి. రేడియో బాడీని మంచినీళ్ల తడిగుడ్డతో తుడవండి. యాంటెన్నా పెట్టకుండా మాత్రం బటన్ నొక్కి మాట్లాడొద్దు, ట్రాన్స్‌మిటర్ కాలిపోవచ్చు.

మీకు తెలిసినవాళ్లెవరైనా వేటకెళ్తుంటే, ఈ వీడియో ఈరోజే పంపండి!