మీకు తెలుసా? ఒరిగితేనే పరుగు

‘స్కౌ’ అనే తెరచాప పడవ నిటారుగా ఉన్నప్పటికంటే ఒక పక్కకు ఒరిగినప్పుడే వేగంగా పోతుంది. అడుగు చదును, ముక్కు మొండి. ఒడ్డున చూస్తే ఎవరో పెద్ద పీటకు తెరచాప కట్టారనిపిస్తుంది. గాలికి ఒరిగిందా, అడుగులో సగం దాకా నీటిపైకి లేస్తుంది. మిగిలిన సన్నటి, పొడవాటి భాగమే నీటిని కోసుకుంటూ పోతుంది కాబట్టి రాపిడి తగ్గుతుంది.

ఎప్పుడూ ఒరిగే నడవాలి కనుక పోటీల పెద్ద స్కౌలకు నీళ్లలోకి దించే పలకలు రెండు, చుక్కానులూ రెండు. ఒరిగిన వైపు పలక దించి, రెండోది పైకి లాగుతారు. గాలికి దిశ మార్చిన ప్రతిసారీ మళ్లీ ఇదే పని.

అమెరికాలోని విస్కాన్సిన్, మిన్నెసోటా సరస్సుల మీద వీటి పోటీలకు 1898లోనే సంఘం ఏర్పడింది. 28 అడుగుల ‘ఇ-స్కౌ’ 1920ల నాటి నమూనా. నేటికీ రేసుల్లో ఉంది. ఆ 1898లోనే కెనడాకు చెందిన హెరిక్ డగ్గన్ రూపొందించిన ‘డొమినియన్’ అనే పడవ సీవాన్‌హాకా కప్పు పోటీలో గెలిచింది. అడుగున నడిమధ్య సొరంగంలా ఖాళీ వదలడంతో, ఒరిగినప్పుడు అది దాదాపు జంట పడవల్లో ఒక్కదాని మీదే నడిచినట్టు పోయేది. ఓడినవాళ్లు ఊరుకుంటారా? తర్వాత ఆ తరహా అడుగును నిషేధించారు.

పాత చెక్క స్కౌ కొనేటప్పుడు పలకలు దిగే పెట్టెల చుట్టూ చెక్క పుచ్చిందేమో ముందు చూడాలి. ఎండి విడిన సందులు నీళ్లలో నానితే ఉబ్బి మూసుకుంటాయి. పుచ్చిన చెక్కను మాత్రం మార్చాల్సిందే. కొత్త వార్నిష్ మెరుపు చూసి బేరం కుదుర్చుకునేవాళ్లూ ఉంటారు లెండి!